సెట్‌టాప్ బాక్సుకు యంత్రమే పరీక్షాధికారి: ద్వీపాల్లో తెర నిలిచిపోకుండా ఏం చేస్తారు?

అండమాన్‌లో మే నెల మధ్యలో మొదలయ్యే వాన దాదాపు డిసెంబరు వరకూ తెరిపి ఇస్తూ, మళ్ళీ కురుస్తూ ఉంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడే ప్రాంతమది. అలాంటి ఒక సాయంత్రం పూర్వపు పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీ విజయపురంలో, విమానాశ్రయానికి చేరువన ఉన్న డాలీగంజ్‌లోని ఒక ఇంటిని ఊహించవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని టీవీలో వార్త వస్తోంది. ఇంతలో జోరుగా వాన అందుకుంది. తెరపై బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరి, కదలకుండా నిలిచిపోయింది. పది నిమిషాలకు వాన వెలిసింది. బొమ్మ మాత్రం కదల్లేదు. సెట్‌టాప్ బాక్సు స్విచ్ ఆపి మళ్ళీ వేశాక గానీ వార్తలు తిరిగి రాలేదు.

ఇక్కడ జరిగినవి రెండు వేర్వేరు విషయాలు. వాన పడుతున్నప్పుడు సంకేతం బలహీనపడటం ప్రకృతి సహజం. వాన వెలిసిన తరువాత కూడా బాక్సు తనంతట తాను తేరుకోలేకపోవడం మాత్రం తయారీ లోపం. మొదటిదాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. రెండవదాన్ని, బాక్సు కర్మాగారం దాటక ముందే కనిపెట్టవచ్చు. ఆ పని కోసమే వీడియో డీకోడర్లకు యంత్రాల చేత స్వయంచాలక పరీక్షలు జరిపే పద్ధతి రూపుదిద్దుకుంది.

ద్వీపాలకు వేరే దారి

దూరదర్శన్ ఉచిత ఉపగ్రహ ప్రసార సేవ 2004 డిసెంబరు 16న డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో ప్రారంభమైంది. నేడు అదే డీడీ ఫ్రీ డిష్. ప్రధాన భూభాగంలో ఇది కేయూ బ్యాండ్ తరంగాలపై, చిన్న డిష్‌తోనే అందుతుంది. అండమాన్ నికోబార్ దీవులు ఆ సేవ పరిధికి వెలుపల ఉండటంతో, వాటి కోసం సీ బ్యాండ్‌లో పరిమిత సంఖ్యలో దూరదర్శన్ చానళ్ళతో ప్రత్యేక సేవను ఏర్పాటు చేశారు. సీ బ్యాండ్ తరంగాల పొడవు ఎక్కువ కనుక వానచినుకులు వాటిని అంతగా అడ్డుకోలేవు. అందుకు ప్రతిగా పెద్ద డిష్ అవసరమవుతుంది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ద్వీపాలకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యాక అంతర్జాలం ద్వారా వీడియో చూసే మార్గం కూడా విస్తరించింది. అయితే సంకేతం ఆకాశం నుంచి దిగినా, సముద్రం అడుగు నుంచి వచ్చినా చివరకు చేరేది ఒక డీకోడర్ దగ్గరికే. అది సెట్‌టాప్ బాక్సులో ఉండవచ్చు, టీవీ లోపలే ఉండవచ్చు, చేతిలోని ఫోన్‌లో ఉండవచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేల మంది. అంటే మొత్తం జనాభాలో 13 శాతానికి పైమాటే. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అనేకం. విశాఖపట్నం నుంచి ఓడలో ఇక్కడికి చేరడానికి రోజులు పడుతుంది. విశాఖలో బాక్సు పాడైతే మరుసటి రోజుకు కొత్తది తెచ్చుకోవచ్చు. నికోబార్ దీవుల్లోని ఒక గ్రామంలో పాడైతే ఓడ వచ్చే రోజు కోసం ఎదురుచూడవలసిందే. మరమ్మతు ఎంత దూరమైతే, ముందస్తు పరీక్ష విలువ అంత ఎక్కువ.

డీకోడర్ చేసే పని

సాధారణ నాణ్యత గల టీవీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి. సెకనుకు 25 బొమ్మలు. వీటిని యథాతథంగా పంపాలంటే సెకనుకు సుమారు 12.4 కోట్ల బిట్లు కావాలి. హై డెఫినిషన్ బొమ్మకైతే ఇది 62 కోట్ల బిట్లు దాటుతుంది. ఉపగ్రహంపై ఒక్కో చానలుకు లభించే చోటు ఇందులో అతి స్వల్ప భాగం. అందుకే ప్రసార కేంద్రంలోని ఎన్‌కోడర్ బొమ్మలను కుదించి పంపుతుంది. ఇంట్లోని డీకోడర్ వాటిని తిరిగి విప్పుతుంది.

కుదింపులోని కిటుకు సులభమే. వార్తలు చదివే వ్యక్తి వెనుక గోడ ఒక క్షణానికీ మరో క్షణానికీ మారదు. కనుక ఒక బొమ్మను పూర్తిగా పంపి, తరువాతి వాటికి మార్పులను మాత్రమే పంపుతారు. ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. ఒక బొమ్మను విప్పడంలో దొర్లిన తప్పు, దాని ఆధారంగా నిర్మించే తరువాతి బొమ్మలన్నింటికీ పాకుతుంది. మళ్ళీ ఒక పూర్తి బొమ్మ వచ్చేవరకూ ఆ మచ్చ తొలగదు. నకలుకు నకలు తీస్తూ పోతే మొదటి కాగితంలోని మరక ప్రతి కాగితంలోనూ కనిపించినట్లే.

ఒక్క బిట్ తేడా వచ్చినా తప్పే

ఒక డీకోడర్ సరిగ్గా పనిచేస్తున్నదని ఎలా తేల్చాలి? ఒకప్పుడు నిపుణులు తెర ముందు కూర్చుని పరికించేవారు. కంటికి అలసట వస్తుంది. పైగా కన్ను చిన్న తేడాలను పట్టుకోలేదు.

1990ల నాటి ఎంపెగ్-2 ప్రమాణంలో గణితపరమైన కొద్దిపాటి సడలింపు ఉండేది. రెండు కంపెనీల డీకోడర్లు ఒకే ప్రసారాన్ని విప్పినా ఫలితాల్లో అతి సూక్ష్మమైన తేడా ఉండవచ్చు. 2003లో ఆమోదం పొందిన హెచ్.264 ప్రమాణం ఆ సందును మూసివేసింది. లెక్కలన్నీ పూర్ణాంకాలతోనే జరగాలని నిర్దేశించింది. ఫలితంగా ఒక ప్రసారాన్ని ప్రమాణబద్ధమైన ఏ డీకోడర్ విప్పినా వచ్చే బొమ్మ చివరి బిట్ వరకూ ఒకేలా ఉండాలి. ఈ మార్పుతో యంత్రాల చేత పరీక్షించడం ఎంతో తేలికైంది.

ఇందుకోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం హెచ్.264.1 పేరిట ప్రత్యేక పత్రాన్ని, దానితోపాటు నమూనా ప్రసారాలను అందుబాటులో ఉంచింది. ప్రమాణంలోని వేర్వేరు నియమాలను డీకోడర్ పాటిస్తున్నదో లేదో తేల్చేలా ఈ నమూనాలను రూపొందించారు. ప్రతి నమూనాకూ సరైన జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. పరీక్షా యంత్రం నమూనాను డీకోడర్‌కు అందించి, బయటికి వచ్చిన ప్రతి బొమ్మకూ ఎండీ5 వంటి పద్ధతిలో ఒక సంకేతాంకాన్ని లెక్కిస్తుంది. ఇది బొమ్మకు వేలిముద్ర వంటిది. సరైన జవాబు వేలిముద్రతో సరిపోతే ఉత్తీర్ణత. లక్షల చుక్కల్లో ఒక్కటి మారినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. 2013లో వచ్చిన హెచ్.265 ప్రమాణం మరో అడుగు ముందుకు వేసి, ఈ వేలిముద్రను ప్రసారంలోనే జతచేసి పంపే వీలు కల్పించింది.

మూత బిగించిన బాక్సును పరీక్షించడం ఎలా?

డీకోడర్ చిప్‌ను విడిగా పరీక్షించడం ఒక ఎత్తు. మూత బిగించి, అట్టపెట్టెలో పెట్టడానికి సిద్ధమైన బాక్సును పరీక్షించడం మరొక ఎత్తు. దాని లోపలి బొమ్మను నేరుగా అందుకోవడం వీలుకాదు. అందువల్ల పరీక్షాశాలలో యంత్రం ఒక ప్రేక్షకుడి పాత్ర పోషిస్తుంది. రిమోట్ మీటలకు బదులుగా అవే పరారుణ సంకేతాలను పంపే పరికరం ఉంటుంది. డిష్‌కు బదులుగా ఉపగ్రహ సంకేతాన్ని సృష్టించే యంత్రం ఉంటుంది. టీవీకి బదులుగా బాక్సు నుంచి వచ్చే బొమ్మను, ధ్వనిని నమోదు చేసే క్యాప్చర్ కార్డు ఉంటుంది. ఈ మూడింటినీ ఒక కంప్యూటర్ ప్రోగ్రాం నడిపిస్తుంది.

ఈ ఏర్పాటు వల్ల లభించే పెద్ద ప్రయోజనం ఓర్పు. పది సెకన్లకు ఒకసారి చొప్పున చానల్ మారుస్తూ పోతే ఒక రోజులో 8,640 సార్లు అవుతుంది. మనుషులు చేయలేని ఈ పనిని యంత్రం రాత్రింబవళ్ళు చేస్తుంది. ప్రతిసారీ బొమ్మ రావడానికి ఎంత సమయం పట్టిందో రాసిపెడుతుంది. చానల్ మారిన ప్రతిసారీ బాక్సు తన జ్ఞాపకశక్తిలో కొద్ది భాగాన్ని ఖాళీ చేయడం మరిచిపోతే, మొదటి గంటలో ఏమీ తెలియదు. మూడో రోజుకు బాక్సు మొరాయిస్తుంది. ఇలాంటి లోపాలు దుకాణంలో ఐదు నిమిషాలు వేసి చూస్తే బయటపడవు.

తెర నిలిచిపోయిందా లేదా అన్నది తేల్చడంలోనూ మెళకువ కావాలి. వరుస బొమ్మలు అచ్చంగా ఒకేలా ఉంటే తెర ఆగినట్లు యంత్రం భావిస్తుంది. అయితే ఒక ప్రకటన పలకను పది సెకన్లు కదలకుండా చూపినా అలాగే అనిపిస్తుంది. ఈ పొరపాటును నివారించడానికి పరీక్షా ప్రసారంలో తెర మూలన ప్రతి బొమ్మకూ మారే ఒక సంఖ్యను లేదా గడుల గుర్తును ఉంచుతారు. సంఖ్య ముందుకు సాగకపోతే తెర నిజంగానే ఆగినట్లు. ఒక సంఖ్య ఎగిరిపోతే ఆ బొమ్మ జారిపోయినట్లు.

మాటకూ పెదవుల కదలికకూ పొంతన ఉందో లేదో చూడటానికి తెరపై మెరుపును, దానితోపాటే ఒక బీప్ శబ్దాన్ని పంపి రెండింటి మధ్య వ్యవధిని కొలుస్తారు. శబ్దం బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందుగా వచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా ప్రేక్షకులు గుర్తించడం మొదలవుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు పత్రం చెబుతోంది.

పరీక్షాశాలలో వాన

డాలీగంజ్ ఇంటి సమస్యను తేల్చే పరీక్ష ఇదే. సంకేతంలో కావాలని రొదను కలుపుతారు. వాన ముదిరినట్లు సంకేత బలాన్ని క్రమంగా తగ్గిస్తారు, కొంతసేపు పూర్తిగా ఆపేస్తారు, మళ్ళీ పెంచుతారు. డిజిటల్ ప్రసారం 188 బైట్ల చిన్నచిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. తొలితరం ఉపగ్రహ ప్రసార ప్రమాణంలో ప్రతి పొట్లానికీ మరో 16 బైట్లు రక్షణగా జోడిస్తారు. వాటి సాయంతో ఎనిమిది బైట్ల వరకు దెబ్బతిన్నా బాక్సు సరిదిద్దుకోగలదు. అంతకు మించితే బొమ్మ చెదురుతుంది. అంతవరకూ నడిచిన ప్రసారం ఒక్కసారిగా కుప్పకూలడానికి కారణం ఇదే.

చెదరడం తప్పు కాదు. ఆ తరువాత ఏమి జరిగిందన్నదే పరీక్ష. సంకేతం తిరిగి అందిన ఎన్ని సెకన్లకు బొమ్మ వచ్చింది? ధ్వని బొమ్మతో కలిసే వచ్చిందా? వందసార్లు వాన కురిపిస్తే వందసార్లూ తేరుకుందా, లేక తొంభై తొమ్మిదిసార్లేనా? ఆ మిగిలిన ఒక్కసారే వేలాది ఇళ్ళలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక తుపాను రాత్రి ఎదురవుతుంది. స్వయంచాలక పరీక్ష లేకుండా వందలో ఒకసారి వచ్చే లోపాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

తెలుగు అక్షరాలకూ పరీక్ష

బొమ్మ ఒక్కటే సరిపోదు. కార్యక్రమాల పట్టికలో పేర్లు, తెరపై సూచనలు కూడా డీకోడర్ బాక్సే గీస్తుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఒకదానిపై ఒకటి, ఒకదాని కింద ఒకటి చేరుతాయి. అక్షరాలను వరుసగా పేర్చడం మాత్రమే తెలిసిన బాక్సు ‘స్త్రీ’ అనే మాటను ముక్కలు చేసి చూపుతుంది. తగిన ఫాంటు లేకపోతే ఖాళీ గడులు కనిపిస్తాయి. దీన్ని పరీక్షించడానికి ఒత్తులు అధికంగా గల మాటలను పంపి, తెరపై వచ్చిన రూపాన్ని సరైన రూపంతో యంత్రం పోల్చుతుంది. ఆ సరైన రూపాన్ని మొదట ఖరారు చేయవలసింది మాత్రం తెలుగు చదవగల మనిషే. ఆ ఒక్క మెట్టును విడిచిపెడితే, తప్పుడు రూపాన్నే యంత్రం ఒప్పుగా భావించి ఏళ్ళ తరబడి ఉత్తీర్ణత ఇస్తూ పోతుంది.

కరెంటు పోతే? కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే?

సెట్‌టాప్ బాక్సుల్లోని సాఫ్ట్‌వేర్‌ను ప్రసారం ద్వారానే మార్చే వీలుంది. ఇది వరమూ, ముప్పూ కూడా. ఒక లోపాన్ని సరిచేయబోయి మరొకదాన్ని తెచ్చిపెడితే, ఆ మార్పు అందుకున్న ఇళ్ళన్నింటా ఒకేసారి టీవీలు మూగబోతాయి. అందుకే ప్రతి కొత్త సాఫ్ట్‌వేర్‌పై పాత పరీక్షలన్నింటినీ మొదటి నుంచి మళ్ళీ నడపడం నియమంగా పాటిస్తారు. వేలాది పరీక్షలను ప్రతిసారీ మనుషుల చేత చేయించడం కుదరదు కనుక ఇక్కడ యంత్రం తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్ మారుతున్న సమయంలో కరెంటు పోవడం మరో గండం. అండమాన్‌లో విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. దీవుల్లో జాతీయ గ్రిడ్ లేదు. ఇటువంటి చోట సరఫరా ఏ క్షణంలోనైనా ఆగవచ్చని భావించి బాక్సును తయారుచేయాలి. జాగ్రత్తగల తయారీదారులు పాత, కొత్త సాఫ్ట్‌వేర్లు రెండింటినీ వేర్వేరు చోట్ల భద్రపరుస్తారు. కొత్తది పూర్తిగా చేరేవరకూ పాతదాన్ని చెరపరు. పరీక్షాశాలలో ఒక రిలే స్విచ్ మార్పు జరుగుతున్న వేర్వేరు క్షణాల్లో వందలసార్లు కరెంటును తెంచుతుంది. ప్రతిసారీ బాక్సు మేలుకుంటేనే ఉత్తీర్ణత.

చెడ్డ వీడియోతో చొరబాటు

డీకోడర్ లోపం కేవలం బొమ్మను చెడగొట్టి ఊరుకోదు. 2015 జులైలో ఆండ్రాయిడ్ ఫోన్లలో వీడియోలను విప్పే స్టేజ్‌ఫ్రైట్ అనే భాగంలో తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. ప్రత్యేకంగా మలచిన ఒక వీడియో సందేశాన్ని పంపి ఫోన్‌లోకి చొరబడే అవకాశం ఉందని పరిశోధకులు వెల్లడించారు. దీనికి విరుగుడుగా ‘ఫజింగ్’ అనే పరీక్ష జరుపుతారు. మంచి వీడియో ఫైళ్ళలో యాదృచ్ఛికంగా బిట్లను మార్చి, అలాంటి చెడ్డ ఫైళ్ళను లక్షల సంఖ్యలో డీకోడర్ మీదికి వదులుతారు. డీకోడర్ వాటిని తిరస్కరించవచ్చు, వికృతమైన బొమ్మను చూపవచ్చు. కుప్పకూలడం మాత్రం తగదు. ప్రపంచమంతటా వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ పరిశోధకులు ఈ విధంగా పరీక్షించగా, దాదాపు వెయ్యి సవరణలకు దారితీసినట్లు 2014 జనవరిలో ప్రకటించారు.

హెచ్చరిక చేరవలసిన చివరి గజం

డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలైన సరిగ్గా పది రోజులకు, 2004 డిసెంబరు 26న, సునామీ అండమాన్ నికోబార్ దీవులను ముంచెత్తింది. ఆనాడు దేశానికి సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఆ బాధ్యతను నిర్వహిస్తోంది. డాలీగంజ్‌లోనే జాతీయ సముద్ర సాంకేతిక విజ్ఞాన సంస్థకు చెందిన ద్వీప కేంద్రం ఉంది. సముద్రాన్ని గమనించే సామర్థ్యం నాటికీ నేటికీ ఎంతో పెరిగింది.

హైదరాబాద్‌లో బయలుదేరిన హెచ్చరిక రేడియో, మొబైల్ సందేశాలు, టీవీ వంటి పలు మార్గాల్లో ప్రజలకు చేరుతుంది. ఏ ఒక్క మార్గాన్నీ నమ్ముకుని ఉండకూడదు. అయినా టీవీ ముందు కూర్చున్న కుటుంబానికి ఆ క్షణంలో తెరే మొదటి ఆధారం. వేల కిలోమీటర్లు దాటివచ్చిన సమాచారం, డిష్ నుంచి తెర వరకూ ఉన్న చివరి గజంలో ఆగిపోతే మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

యంత్రం చూడలేనివి

మన దేశంలో డీటీహెచ్ సెట్‌టాప్ బాక్సులకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15377 పేరిట ప్రమాణాన్ని రూపొందించింది. ఉపగ్రహ ట్యూనర్ లోపలే అమర్చిన టీవీలకు ఐఎస్ 18112:2022 ప్రమాణం వచ్చింది. అయితే ప్రమాణం చెప్పేది కనీస అర్హత గురించే. ముందుగా ఊహించిన లోపాన్ని మాత్రమే యంత్రం పట్టుకుంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు డిష్ కేబుల్ మొనను తినివేయడం, తేమకు రిమోట్ మీటలు బిగుసుకోవడం వంటివి మూసి ఉంచిన పరీక్షాశాలలో అన్నిసార్లూ కనిపించవు. అందుకే ఇళ్ళ నుంచి వచ్చే ఫిర్యాదులు విలువైనవి. ఇంటి నుంచి వచ్చిన ప్రతి నిజమైన లోపాన్నీ ఒక కొత్త పరీక్షగా మార్చి జాబితాలో చేర్చితే, అదే లోపం మరోసారి కర్మాగారం గడప దాటదు.

ఫిర్యాదు ఉపయోగపడాలంటే ప్రేక్షకులు కొన్ని విషయాలు గమనించాలి. తెరపై సంకేతం లేదన్న సందేశం వచ్చిందా, లేక బొమ్మ ఊరకే నిలిచిపోయిందా? అన్ని చానళ్ళలోనూ అలాగే ఉందా, ఒక్కదానిలోనేనా? మెనూలో కనిపించే సంకేత బలం ఎంత? వాన వెలిశాక దానంతట అది సర్దుకుందా, స్విచ్ ఆపి వేయవలసి వచ్చిందా? బాక్సు నమూనా పేరు, సాఫ్ట్‌వేర్ సంఖ్య ఏమిటి? అన్ని చానళ్ళూ పోయి, సంకేత బలం తగ్గి ఉంటే డిష్‌ను, కేబుల్‌ను అనుమానించాలి. సంకేతం బలంగా ఉండి కూడా తెర కదలకపోతే అనుమానించవలసింది బాక్సునే.

డాలీగంజ్‌లో వచ్చే ఏడు కూడా వాన కురుస్తుంది, సంకేతం కొన్ని నిమిషాలు తడబడుతుంది. వాన వెలిసిన వెంటనే, ఎవరూ లేచి స్విచ్ ముట్టుకోకుండానే వార్తలు తిరిగి వస్తే, ఆ బాక్సును ఎక్కడో ఒక పరీక్షాశాలలో యంత్రం ముందే వందలసార్లు వానలో తడిపి చూసిందని అర్థం.